రెండక్షరాలు, ఒక్క చప్పుడు

గ్రిమ్స్‌బీ బడి, మంగళవారం వాన.
నా మోకాళ్లకు సరిపోని ఎర్ర కుర్చీ.
ఓటిస్ వేలు ఎస్ కింద ఆగింది: "స్స్..."
హెచ్ దగ్గర ఊపిరొదిలాడు: "హ్."
రెండూ అతకవు.

మా అక్షరం తన పేరునే పలుకుతుంది,
ఒత్తు సైతం కింద వేలాడుతూ నోరు విప్పుతుంది.
ఇక్కడేమో రెండు కలిస్తే
దేని గొంతు అది పారేసుకుని
మూడోదేదో అరువు తెచ్చుకుంటాయి.
ఎలా చెప్పను?

వేలు పెదవులమీద పెట్టుకున్నాను.
"మీ చెల్లి పడుకుంది, ఏమంటావ్?"
తొమ్మిది రోజుల పిల్ల.
"ష్ష్!"

వాడి వేలు మళ్లీ ఆ రెంటి కిందికి జరిపాను.
"ష్... ఇ... ప్."
ఇంకా దగ్గరగా.
"షిప్!" అని అరిచాడు.

కిటికీ అవతల రేవు కనబడదు,
అద్దమంతా చినుకులే.
మళ్లీ చదివాడు, ఈసారి గుసగుసగా,
చెల్లి లేస్తుందేమోనని.