తెడ్డెం తీగ

పుకాల్పాలో వాన వెలిసిన మధ్యాహ్నం
దెలీసియా తువనామా
బియ్యం సంచిలో చుట్టి తెచ్చింది దీన్ని.
పడవ మోటార్లనీ ఫ్యాను రెక్కల్నీ పక్కకు జరిపి
బల్ల మీద పడుకోబెట్టాను.

ముప్పై ఏళ్లు అటక మీదే ఉందట.
జపాన్ చెక్క. గోకితే ఆకుపచ్చ కింద నీలం,
నీలం కింద పసుపు,
పసుపు కింద ఎవరిదో పేరు, సగం.
"పలికిస్తే చాలు, మెరిపించక్కర్లేదు" అంది.
సాన్ హువాన్ పండక్కి తమ్ముడి కొడుకు వాయిస్తాడట.

వెనక మూత విప్పితే
మట్టి.
కందిరీగ కట్టుకున్న నాలుగు గదుల ఇల్లు.
దాని వెనక గోడలంతా
సిగరెట్ పెట్టెల వెండి కాగితం
మైదాతో అతికించి ఉంది, రొద లోపలికి రాకుండా.
గుడ్డ తొడిగిన తీగలు చిలుము పట్టి పచ్చబడ్డాయి.

ఆంప్లిఫయర్‌కి తగిలించగానే బొయ్యిమంది.
చెయ్యి వేస్తే ఆగాలి ఆ రొద.
ఆగలేదు.
అంటే ఎర్త్ తెగింది, బ్రిడ్జి కింద ఎక్కడో.
దొరికింది: బూడిదరంగు టంకం,
పట్టీ పట్టనట్టు ఒక పాత అతుకు.
గోకి, కొత్తది కరిగించి పోశాను.
గుగ్గిలం పొగ కళ్లలోకొచ్చింది.
చెయ్యి వేశాను. ఎంత నిశ్శబ్దమంటే
గుమ్మంలో కుక్క తలెత్తి చూసింది.

వాల్యూమ్ తిప్పితే చిటపట,
కాగిన నూనెలో నీటిచుక్క. కడిగాను, పోయింది.

ఇక మధ్య స్విచ్.
మెడ దగ్గరి పికప్ ఒక్కటే పలికితే బొంగురు, బాగుంది.
బ్రిడ్జి దగ్గరిది ఒక్కటే పలికితే కరుకు, అదీ బాగుంది.
రెండూ కలిస్తే
జలుబు చేసిన దోమ.

మీటర్ పెట్టాను.
ఇది అయిదున్నర వేల ఓములు, అదీ అంతే.
కాగితం మీద ఇద్దరూ బుద్ధిమంతులే.
రాత్రంతా స్విచ్‌ని అనుమానించాను,
పాపం పుణ్యం ఎరగని కెపాసిటర్‌ని
పీకి, చూసి, సిగ్గుపడి మళ్లీ పెట్టాను.
తెల్లారుతుండగా పాత ముల్లు మీటర్ దించి
స్క్రూడ్రైవర్ మొన అయస్కాంతానికి తాకించాను.
ఒకదానికి ముల్లు కుడికి దూకింది.
రెండోదానికి ఎడమకి.
ఎడ్డెమంటే తెడ్డెం!
ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతోంది,
నడుమ పాట చిక్కిపోతోంది.

రెండు తీగల్నీ ఇటుదటు మార్చాను.
మారుస్తుంటే కనిపించింది
అతుకు దగ్గర ఎర్ర దారం, రెండు ముళ్లు వేసి.
అడ్డంగా ఉందని కత్తిరించి పారేశాను.
నిండుగా మోగింది, గంట కొట్టినట్టు.
ఆమెకు కబురు పెట్టాను.

వచ్చి స్టూలు మీద కూర్చుంది.
నాకొచ్చిన రెండు ముక్కలు నేనే వాయించాను.
"బాగుంది" అంది,
పరాయివాళ్ల బిడ్డను మెచ్చుకున్నట్టు.
కాసేపాగి,
"మా అరిస్తిదెస్ దీన్ని ముక్కుతో పాడించేవాడు.
ఉకయాలి అవతలి ఒడ్డున చేపలు కడుగుతున్నా సరే
ఇది మావాడిదని తెలిసేది నాకు.
మిగతా బ్యాండ్ల గిటార్లు
గిటార్లలాగే ఉండేవి."

చెత్తబుట్ట బోర్లించాను. దారం దొరకలేదు.
టంకం కడ్డీ మళ్లీ వేడెక్కించి
నలభై ఏళ్ల పనితనమంతా పెట్టి
జాగ్రత్తగా చెడగొట్టాను.

సన్నగా మొదలైంది, ముక్కుతో.
ఆమె నా వైపు చూడలేదు, గిటార్ వైపూ చూడలేదు.
చెప్పు విడిచిన పాదం ఒకటి
నేల మీద లెక్క పెడుతోంది.

"ఎంతివ్వాలి?"
ఎర్త్‌కి ఇంత, వాల్యూమ్‌కి ఇంత.
బాగుచేసినందుకు ఒకటి,
దాన్ని తిరిగి పాడుచేసినందుకు ఒకటి,
ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

మూత లోపలివైపు పెన్సిల్‌తో రాశాను
నా తర్వాత విప్పేవాడికి:
ఇది తప్పు కాదు. మార్చకు.

ఎనిమిది స్క్రూలకు ఏడే మిగిలాయి.
కిటికీ దగ్గర పొద్దుటి నుంచీ
కందిరీగ ఒకటి తిరుగుతోంది.
ఎనిమిదో కన్నం అలాగే వదిలేశాను.