కింద ఎవరున్నారు

మొదటి గడి, యజమాని. ప్రైవేటు, అని రాశాను.
కట్ట రకం: మట్టి.
ఎత్తు: అరవై ఒక్క అడుగులు.
కట్టిన ఏడు దగ్గర నాకు ముందొచ్చినవాళ్ళు ఉత్త గీత గీసి పోయారు.
"యాభై ఏడు," అంది కంచె అవతలనుంచి ఓజీలియా పొలీట్,
"ఆ ఏడే రాయి కడిగే మిషన్లో మా నాన్న వేలు పోయింది."

మిస్సోరీ గుట్టల్లో మార్చి నెల.
ఓక్ చెట్లింకా మోళ్ళుగానే ఉన్నాయి.
కట్ట వెనక ఉన్నది నీళ్ళూ కాదు, నేలా కాదు,
ముగ్గురాయి కడగగా మిగిలిన ఎర్ర బురద,
దానిమీద మోకాలి లోతు ఆకాశం.
రాయి టెక్సాస్ నూనెబావుల్లోకి దిగిపోయింది.
కంపెనీ మూడుసార్లు పేరు మార్చుకుంది.
బురద ఒక్కటే ఇక్కడ కాపురం ఉండిపోయింది.

కట్ట మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాను.
దేవదారు మొక్కలు మొదలంటా వేళ్ళు దించాయి.
ఏదో జంతువు తవ్విన బొరియలో చెయ్యి పెడితే మోచేతిదాకా పట్టింది.
కట్ట పాదం దగ్గర ఊట.
సీసాలో పట్టి ఎండకెత్తి చూశాను. తేటగానే ఉంది.
తేటగా ఊరితే పరవాలేదు,
రంగు తిరిగితేనే కట్ట తనను తాను మోసుకుపోతున్నట్టు.

ప్రమాద స్థాయి: తక్కువ.
ముప్పై ఏళ్ళుగా అదే మాట, ఫారం మీద ఫారం.
"అంటే గట్టి కట్టనా?"
కాదమ్మా. అది కట్ట సంగతి కాదు.
తెగితే కింద ఎవరున్నారన్న లెక్క.
ఎవరూ లేకపోతే ఎంత పుచ్చిన కట్టయినా తక్కువే.
నిరుడు ఆగస్టులో మీ మనవడు టిబర్ట్
భార్యనీ ఇద్దరు పిల్లల్నీ చక్రాల ఇంటినీ తెచ్చి వాగొడ్డున దించాడు చూడండి,
ఆ పూటతో ఇది ఎక్కువైంది.
కట్టలో మట్టిబెడ్డ కూడా కదల్లేదు.

ఆమె నవ్వలేదు.
కంపెనీ వకీలు రాసిన ఉత్తరం తెచ్చింది.
ఆ జాగా కొంటారట. ఇల్లు తీసేస్తే స్థాయి మళ్ళీ దిగుతుంది,
కట్ట బాగుచేయించడం కన్నా చవక.
ఉత్తరం వెనక పెన్సిలుతో కోడిగుడ్ల లెక్క.

"సరే గానీ," అంది,
"ముప్పై ఏళ్ళు ఎవరూ లేరని రాశారే,
నేనెక్కడున్నాననుకున్నారు?"

పాత పటం విప్పాను.
ఆమె ఇల్లున్న చోట చిన్న చదరం,
పక్కన ఎవరిదో చక్కని దస్తూరీ:
కొట్టం, వాడుకలో లేదు.
కొట్టం కిటికీలో జెరానియం కుండీ, ఆరేసిన మేజోళ్ళు.

కింద నివసించేవారు: ఐదుగురు.
అంకె మీద ఇంకోసారి దిద్దాను.
కుక్కని కూడా రాయమంది చిన్నపిల్ల. గడి లేదన్నాను.

పెద్దరోడ్డు ఎక్కేముందు బండి ఆపి
సీసా మళ్ళీ పైకెత్తాను.
కుదుపులు ఆగాక, అడుగున,
ముగ్గు గీతంత సన్నగా,
ఎర్రగా.