పన్నెండో అంకె లేదు

రాణి లోపలికొచ్చి
జాలరై బయటికెళ్ళాలంటే
హార్మోనియం కోటిలింగం పదకొండు లెక్కపెడతాడు.
పన్నెండో అంకె మాకు లేదు.

గుంటూరు అరండల్‌పేటలో
పగలు పెళ్ళిభోజనాలూ రాత్రి నాటకాలూ నడిచే హాలు.
పక్క తెర వెనక చీకట్లో
నోట్లో ఆరు పిన్నీసులు కరుచుకుని నేను,
సిలార్‌ని, లాలాపేట టైలర్ని.

ఒకటి: కిరీటం నా చంకలో.
రెండు: మీరు చీర అనుకున్నది చీర కాదు,
వీపున ఒకే ఒక్క ప్రెస్ బటన్ల వరస,
బస్తా మూతికుట్టు లాగినట్టు లాగితే
జర్రున మొత్తం జారుతుంది.
కింద పంచె ముందే కట్టి ఉంటుంది.
నాలుక్కి ముఖాన తడిగుడ్డ.
ఆరుకి తలపాగా, ఎనిమిదికి మీసం.

ఓసారి మీసం సరిగ్గా అంటుకోలేదు.
జాలరి ముక్కు కింద వేలుంచుకునే
పద్యమంతా పాడాడు.
అదేదో కొత్త అభినయమని
మర్నాడు టీ బంకు దగ్గర మెచ్చుకున్నారు.

మధ్యలో ఐదుంది చూశారూ,
ఆ ఐదు నాది.
ఐదు దగ్గర మంగతాయారు
రాణీ కాదు, జాలరీ కాదు.
బనీనుకి చంక కింద చిరుగు,
మెడ మీద చెమటకాయలు,
జింకు పౌడరూ కొబ్బరినూనే కలిసిన వాసన,
"కానీ సిలారూ" అనే ఊపిరాడని గొంతు.
ఇరవయ్యారేళ్ళ ఐదుల్ని
అతుకు మీద అతుకేసి కుట్టుకుంటూ పోతే
ఒక్క మధ్యాహ్నం అవుతుందేమో.

జనం చప్పట్లు జాలరికి.
"ఇంతలోనే ఎట్టారా!" అని ముందు వరసలో
మిర్చి యార్డు కమీషన్ షావుకారు
పక్కవాణ్ణి గిల్లుతాడు.
నిజం చెప్పొద్దూ, విప్పిన చీర చేతిలో పట్టుకుని
నేనూ గిల్లుకుంటాను.

మొన్న పింఛను కాగితానికి ఫోటో కావాలన్నారు.
కొత్తపేట స్టూడియోలో అద్దం ముందు
ముప్పావుగంట నిలబడింది.
బొట్టు పెట్టుకుంది, తుడిచేసింది.
ముడి విప్పింది, మళ్ళీ చుట్టింది.
నవ్వొకటి వేసుకుని
అది ఏ నాటకంలోదో గుర్తొచ్చి తీసేసింది.
"సిలారూ, ఎట్టా ఉండమంటావ్?" అంది.

నా నోట్లో పిన్నీసులు లేవు.
అయినా మాట రాలేదు.

కెమెరా కుర్రాడు విసుగ్గా
"రెడీనా అమ్మా?" అని
ఒకటి, రెండు, మూడు అంటున్నాడు.

ఐదు దాకా లెక్కపెట్టు బాబూ,
అన్నాను.