రెండున్నర కిలోల దూది

సీసాల కొబ్బరినూనె గడ్డకట్టిన పొద్దున
క్యాలెండరు కాయిదం చింపి
అక్టోబరు వీపు మీద లెక్క రాసిన.
చేతిల పదకొండు వందలు.
చీటీ కట్టంగ మిగిలినయి.
పాలాయనకు ఇంకా ఇయ్యలే.

వారాసిగూడల మాది రేకుల ఇల్లు,
ఎండకాలం పెనం, చలికాలం ఐసుపెట్టె.
కిరాయి మాత్రం అన్ని కాలాలకు ఒక్కటే.

రేకుకూ గోడకూ నడుమ బెత్తెడు సందు.
పోయినేడు పాత పేపర్లు కుక్కితే
ఎలుకలు వారంల చదివి అవతల పడేసినయి.
ఈసారి మా నర్సోజి ఆటోల చుట్టుకొచ్చిండు
చౌరస్తాల గాలికి ఊడిన కాలేజి ఫ్లెక్సీ.
తాత వడ్రంగి, తను ఆటో నడిపినా
మేకు వంకర పోనియ్యడు.
తెల్ల దిక్కు బయటికుంటే చెమ్మ ఆగుతదని
బొమ్మలు లోపలికి పెట్టి కొట్టిండు.
నలభై ఆరుగురు ర్యాంకుల పిల్లలు
నవ్వుకుంట మా ఇంట్లకు చూస్తున్నరు.
కింద పండేది మా శ్రీవల్లిక.
దాని ఎంసెట్ ర్యాంకు
ఏ ఫ్లెక్సీ మీదా పట్టనంత పెద్దది.
మొదటి రాత్రి ఏమనలే.
రెండో రాత్రి అటు మల్లి పండింది.

కోఠీల రోడ్డు పక్క కుప్పల
చిన్నోనికి స్వెటరు దొరికింది, నూటయాభై.
చేతులు జానెడు పొడుగు, మడిచి కుట్టిన.
వచ్చే యేడు ఒక కుట్టు విప్పుత,
ఆ మీది యేడు ఇంకోటి.
అత్తకు కొంటనంటే వద్దన్నది,
"స్వెటరేస్తే ముసలిదాని లెక్క కనవడత" అని,
డెబ్బై రెండేండ్ల మనిషి.

వేడినీళ్ల రాడ్డు అటక మీదనే ఉండనీ.
పోయిన జనవరి బిల్లు ఇంకా కండ్లల్ల మెదులుతది.
పాత డ్రమ్ముకు అరవై రూపాలతోని నల్లరంగేసి
డాబా మీద ఎండకు పెట్టినం.
స్నానాలన్నీ పొద్దటి నుంచి మాపటికి మారినయి.
సూర్యునికి మీటరు లేదు గద.

ఇగ బొంత.
గల్లీల వింటినారి టంగ్‌మన్నదంటే
దూదేకే ఖాజామియా వచ్చినట్టే.
విప్పి తూకమేస్తే మూడు కిలోలు,
ఏకినంక రెండున్నర.
"మిగిలిన అర్ధకిలో ఏమాయె?" అన్న.
ముక్కుకు కట్టిన రుమాలు కిందికి జరిపి
"మట్టయింది బేటీ, పదేండ్లు కప్పుకున్నరు,
కొంత మీరే పీల్చిన్రు" అన్నడు.
కొత్త దూది కలపమంటడు, ధర చెప్పిండు,
నేను వినలేదన్నట్టు చాయ్ పెట్టిన.
ఉన్నదే పల్చగ పరిచిండు, నాలుగొందలు తీసుకొని.

పాతచీరలు రెండు పైన, ఒకటి లోపల
ఐదుగురికి సరిపోయేటట్టు కుట్టిన.
చలికాలమంతా నర్సోజి
సికింద్రాబాద్ స్టేషన్ ముంగట రాత్రి బండ్ల కోసం ఉంటడు,
అంగీ లోపల పేపరు మడతలు పెట్టుకొని.
బొంతల తన జాగ
తెల్లారుజామున నాలుగింటి దాకా ఖాళీ.
అయినా కొలత తగ్గియ్యలే.

మూడో రాత్రి శ్రీవల్లిక స్టూలెక్కింది.
సెల్‌ఫోను లైటుతోని ఒక్కొక్క మొకం చూసి
"అమ్మా, రెండో వరుస చివరిది మా హుమేరా.
నా బెంచీలనే కూసునేది.
కెమిస్ట్రీ నన్నే అడిగేది."
కొంచెం ఆగి,
"మేకు దాని చెంపల దిగింది.
నాన్నను పక్కకు కొట్టమను."

పొద్దుగాల తను నిద్రకండ్లతోనే
మేకు పీకి, రెండేళ్లు జరిపి కొట్టిండు.
పాత బొక్కల నుంచి సూదంత గాలి
చక్కగ శ్రీవల్లిక మెడ మీదికే.
నా నొసటి బొట్టుబిళ్ళ తీసి
హుమేరా చెంప మీద అంటించిన.

మిగిలినయి లెక్కవెట్టి పాలాయనకు ఇచ్చిన,
"సగమే" అన్నడు, తీసుకున్నడు.
నూనె సీస గోడ మీద ఎండకు పెట్టిన.

మర్నాడు పొద్దుగాల లేచి చూస్తే
బొట్టుబిళ్ళ బొంత మీద పడున్నది.
చలికి బంక పట్టదు.
ఇంకోటి అంటించిన.