ఉండిపో

ఆత్‌బాషిలో ఆ మార్చి నెల ఆరు పిల్లలు.
మూడోవారం నిండకముందే ఐదు పోయాయి.
ఏడ్చి ఏడ్చి, పాలు వదిలేసి,
ఒకదాని తర్వాత ఒకటి చల్లబడ్డాయి.
తల్లికి మాత్రం ఏమీ కాలేదు.
ఒక పూట ముక్కు కారింది, అంతే.

బురుల్సున్ వంటగదిలో, పాత పేపరు మీద,
ఐదోదాన్ని కోసి చూశాను.
చిక్కుడు గింజంత మూత్రపిండం.
కౌజుపిట్ట గుడ్డు మీద ఉన్నట్టు ఒళ్లంతా చుక్కలు,
కాకపోతే ఇవి ఎర్రవి.
ఆమె వంగి చూసింది.
"ఇంత చిన్నదాంట్లో ఇన్ని పట్టాయా?"

వైరస్ పేరు చెప్పాను. ఆమెకు పేరుతో పనిలేదు.
దానికి చల్లటి ఒళ్లు కావాలన్నాను,
తమ వేడి తాము పుట్టించుకోలేని పసివంటే
దానికి అలుసన్నాను.
మందు?
లేదు. వెచ్చగా ఉంచడమే.

చేతులెత్తేస్తూ అన్నమాట అది.
చీటీ రాసిచ్చినట్టు తీసుకుంది.

చొక్కా లోపల, రొమ్ముల మధ్య, ఆరోదాన్ని దోపుకుని
పొయ్యిలోకి పిడకలు తోస్తూ
పదకొండు రాత్రులు కూర్చుంది.
మొగుడు బయటికెళ్లడానికి తలుపు తీసినా తిట్టేది.
తోక్తోసున్ అని పిలిచింది దాన్ని.
వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో
మిగిలినవాడికి పెట్టే పేరు.
ఉండిపో, అని.

ఉండిపోయింది.

ఇప్పుడు మూడేళ్లు. తైగన్ జాతి,
గాలికి పుట్టినట్టు పరిగెత్తాలి.
ఇది నక్క వెనక సగం వాలు దాకా పోయి
ఏదో మరిచిపోయినట్టు ఆగిపోతుంది.
గుర్రాల తొట్టి, కడిగిన గిన్నెల కుండ, మంచు కరిగిన గుంట,
నీళ్లు కనిపిస్తే చాలు.
తాగిందంతా నీళ్లలాగే పోతుంది,
రంగూ వాసనా లేకుండా.

నరిన్ నుంచి వచ్చిన రక్తపరీక్ష కాగితం
చదివి, మడిచి,
రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను.
చివరికి చెప్పాను:
చుక్కలు మానాయి. మానినచోట మచ్చలు మిగిలాయి.
మచ్చ వడపోయలేదు.
ఎన్నాళ్లు, అని అడుగుతుందనుకున్నాను.
"దాహం నొప్పిపెడుతుందా?" అంది.
నేను చదివిన ఏ పుస్తకంలోనూ
అది లేదు.

మంచు పడుతోందని ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను.
చీకట్లో ఆమె లేచిన చప్పుడు.
వాకిట్లో బకెట్టు మీద గడ్డకట్టిన పొరను
గరిటె కాడతో పగలగొట్టిన చప్పుడు.
తర్వాత చాలాసేపు
నాలుక నీళ్లను తాకుతున్న చప్పుడు.
మూత మళ్లీ పెట్టిన చప్పుడు
నాకు వినపడలేదు.