పొల్లు

మా సినిమాలో చివరి సీను
మొదటి రోజే తీశారు.
ఓడరేవు గోడ మీద నేనూ విదాదూ
ఒకే తువ్వాలు కప్పుకుని
ఒకరి మీద ఒకరం తల వాల్చాలి.
మాకది ఆరో ఏటి నుంచీ అలవాటే.
ఒక్క టేకులో అయిపోయింది.
డైరెక్టర్ ఒతీలియా కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"ఇది నటన కాదు" అంది.
నిజమే. అప్పటికి కాదు.

పదిహేనేళ్ళు మాకు.
అమ్మలిద్దరూ లెట్యూస్ ప్యాకింగ్ షెడ్డులో
ఒకే బల్లకి అటొకరు, ఇటొకరు.
ఇంటికొచ్చాక ఇద్దరి చేతులదీ ఒకటే వాసన,
క్లోరిన్, చలి, తెగిన ఆకు.
ఒతీలియా మా బడికొచ్చి
"నటులొద్దు, నిజం స్నేహితురాళ్ళు కావాలి" అన్నప్పుడు
క్లాసంతా మా ఇద్దరి వైపు తిరిగింది.
అంతకు మించిన అవార్డు
తర్వాత నాకేదీ రాలేదు.

అగిలాస్‌లో మేం మాటల కొసలు మింగేస్తాం.
చేపలవాడు మింగుతాడు, చర్చిలో ఫాదర్ మింగుతాడు.
అంత ఎండలో
ప్రతి హల్లునీ చివరిదాకా మోసే ఓపిక ఎవరికుంది?
అలా విదాద్ మా వీధిలో విదా అయింది.
విదా అంటే మా భాషలో బతుకు.
"మంచి పేరు" అంది అమ్మమ్మ బ్రిహిదా.
ఎవరి పిల్లో అడగలేదు.
నేను చెప్పలేదు,
వాళ్ళ నాన్న నాదోర్‌లో పడవెక్కి వచ్చినవాడని,
విదాద్ అంటే వాళ్ళింట్లో ప్రేమ అని,
ఆ కొసన ఉన్న పొల్లుని వాళ్ళమ్మ
వేడి రొట్టెని పళ్ళెంలో దించినంత నెమ్మదిగా
పంటి వెనక దించుతుందని.

నాకు పలకడం రాక కాదు.
మెట్ల కింద, ఫోనులో, ఈత కొలను అవతలి గట్టున
అక్షరం పొల్లుపోకుండా పిలిచేదాన్ని.
అమ్మమ్మ ముందు మాత్రం
ఎండ ఎక్కువయ్యేది.

కొట్లాట సీను ఆఖరి రోజున.
పాత ఖనిజం వంతెన కింద, నడుముల్లోతు నీళ్ళలో.
కాయితం మీద ఆ గొడవ ఎవడో అబ్బాయి గురించి.
ఎనిమిది టేకులు.
పెదాలు నీలమయ్యాయి.
ఒతీలియా తల అడ్డంగా ఊపుతూనే ఉంది.
"ఇంకోసారి. ఇంకోసారి."
చివరికి "రాసింది వదిలేయండి" అంది,
"ఇన్నాళ్ళూ చెప్పుకోనిది చెప్పుకోండి."

తొమ్మిదో టేకులో విదాద్
నా కళ్ళలోకి కాదు, నా చెవి వైపు చూసి అంది:
"నా పేరు కొస నువ్వు మింగింది
ఎండకి కాదు. సిగ్గుకి."

నాకు డైలాగు లేదు.
ఒక అల వచ్చి వంతెన కాలుకి కొట్టుకుంది.
దాన్నే నా జవాబుగా ఉంచేశారు.
యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది.
విదాద్ ఇంకో తువ్వాలు తీసుకుని
ఇంకో వ్యానెక్కింది.

మరుసటేడు ఆగస్టులో
చౌరస్తాలో సున్నం కొట్టిన గోడ మీద వేశారు.
ప్లాస్టిక్ కుర్చీలు,
కాళ్ళ కింద పొద్దుతిరుగుడు గింజల పొట్టు.
ఆ మాట వచ్చేసరికి
జనం పొట్టు ఉమ్మడం ఆపారు.
అమ్మమ్మ నా వైపు తిరగలేదు.
కాసేపటికి, చీకట్లో, తనలో తను
"ద్" అని చూసుకుంది,
ఊడిన పన్ను చోటు
నాలుకతో తడుముకున్నట్టు.

తర్వాత గోడ మీద మేం కలిసిపోయాం.
ఓడరేవు, ఒకే తువ్వాలు, వాలిన తలలు.
పక్కింటావిడ ముక్కు చీదుకుంది.
ఆ తలలకి తెలీదు పాపం
కొట్లాట ఇంకా జరగలేదని.

దీపాలు వేశారు.
ఫౌంటెన్ దగ్గర, నిలబడ్డవాళ్ళలో
తమ్ముణ్ణి చంకనేసుకుని విదాద్.
నేను కుర్చీ ఎక్కి పిలిచాను,
విదాద్ అని, ఆ పొల్లుతో సహా,
ఊరంతా తలలు తిప్పేలా.

తను కదల్లేదు.
తల అడ్డంగా ఊపింది,
అచ్చం ఒతీలియా లాగే.

"ఇంకోసారి" అంది.