పాడైతే ఎవలు బాగుచేస్తరు

సొసైటీ పైసలు పద్దెనిమిది వేలు
దస్తీల మూటగట్టి ఇచ్చిన్రు.
తొమ్మిది సంతకాలు, రెండు వేలిముద్రలు.
తీర్మానం పుస్తకంల "గ్రాఫిక్స్ కార్డు" అని
నేనే రాసిన, రెండుసార్లు కొట్టేసి.

కొత్తవాడ గల్లీల మగ్గాల చప్పుడు ఆగదు,
మా కంప్యూటరే ఆగింది.
మేడారం జాతర ముందు, నాలుగు వందల జంపఖానాల ఆర్డరు,
నెమలి అంచు సగం గీసినంక
అప్‌డేట్ చెయ్యమంటవా అని అడిగితే సరే అన్న.
తెల్లారి చూస్తే తెర నల్లగ,
మూలకు ఒక తెల్ల గీత, ఊపిరి లెక్క వచ్చుకుంట పోవుకుంట.
కంపెనీ పిల్లగాడు ఫోన్ల మర్యాదగనే చెప్పిండు:
"మీ కార్డు ముసల్దైందమ్మా, దాన్ని మేం వదిలేసినం."
ఆరేండ్లకే ముసలితనం!
మా ఇంట్ల గుంటమగ్గానికి డెబ్బై దాటినయ్.

మీటింగుల వడ్నాల వీరసోములు తాత అడిగిండు:
"డ్రైవర్ అంటే ఎవలు?
బండి మనది, డ్రైవర్ కంపెనోడా?"
అందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలే.
"వాడు రేపు రానంటే?
పన్నెకు పుల్ల ఇరిగితే నేను కడత,
నాకు చేతగాకుంటే పక్కింటాయన కడతడు.
దీనికి ఇరిగితే ఎవలు కడతరు?"
పది రాత్రులు నేను వెతికిన ప్రశ్న
తాత ఒక్క దమ్ముల అడిగేసిండు.

హన్మకొండ చౌరస్తాల జహంగీర్ భాయ్ దుకాణం.
ఆకుపచ్చ పెట్టె ముందుకు జరిపిండు,
మీద రాక్షసుని బొమ్మ, కన్నులల్ల మంట.
"ఆటలకు దీన్ని మించింది లేదు."
"ఆటలాడం భాయ్, అంచులు గీస్తం."
"అయితే ఇంకా మంచిది!"
"దీని డ్రైవర్ రాత బయట పెట్టిన్రా? ఎవలైనా చదువొచ్చునా?"
పెట్టెను తిప్పి తిప్పి చూసిండు.
ధర ఉంది, వారంటీ ఉంది,
ఆ సంగతి మాత్రం లేదు.

నిచ్చెనేసి అటక మీదికెళ్లి ఎర్ర పెట్టె దించిండు,
దుమ్ము ఊదిండు.
పోయినేడాది సరుకు, మూలకు సొట్ట,
ఎవలు అడగలేదట.
కొంగున కట్టుకొచ్చిన పెన్‌డ్రైవ్ విప్పి
"దీంతోని లేపుండ్రి" అన్న.
ఏం దింపలే, ఏం ఎక్కియ్యలే,
ఏ కంపెనీ గడప తొక్కలే,
తెర తనంతట తానే తెల్లారింది.
డ్రైవర్ కెర్నెల్ లోపల్నే ఉన్నడు,
ముందుగాల పొయ్యి బస్సుల సీటు పట్టిన సుట్టం లెక్క.
సగం నెమలిని తెరిచిన.
ఏడు వందల ఈకలు, ఒక్కటి తడబడలే.
జహంగీర్ భాయ్ చాయ్ చల్లారింది.

పదహారు వేల నాలుగు వందలు.
ఆటోల ఎంజీఎం ముందు ఇరుక్కున్నంత సేపు
పెట్టె ఒడిలనే పెట్టుకున్న.

అబద్ధం ఎందుకు?
ఇది మొత్తం తెరిచిన తలుపు గాదు.
లోపల ఒక ముడి ఉంది, ఫర్మ్‌వేర్ అంటరు,
దాన్ని ఈ కంపెనీ కూడా విప్పి చూపదు.
తాతకు దాచకుండ చెప్పిన.
"ఒక్క ముడే గదా," అన్నడు,
"తక్కిన పోగులు కనవడుతున్నయా?"
కనవడుతున్నయ్.

ఆ రాత్రి సొసైటీ గదిల
డ్రైవర్‌కు చేసిన మార్పుల చిట్టా చదివి వినిపించిన.
తెర మినుకుమనే జబ్బు ఒకటి
పోయిన నెల ఎవలో పట్టుకున్నరు,
ఒక్క వరుస మార్చి కింద పేరు పెట్టిన్రు.
ఆ పేరు నాకు నోరు తిరగలే.
"కూలి ఎంతిచ్చిన్రు?" అన్నది కుసుమ నర్సవ్వ,
కండెలు చుట్టే చెయ్యి ఆపి.
"తెల్వదు. ఏం ఇయ్యకపోవచ్చు గూడ."

కొంచెం సేపు ఎవలు మాట్లాడలే.
వీరసోములు తాత బీడీ ఆర్పి
గజంకట్టె అందుకున్నడు.
"ఎంత పొడుగుంటడో అడుగు బిడ్డా.
పండుకుంటే కాళ్లు నేల మీదికి రావద్దు."